గోరు మీద చుక్క

పెద జాలారిపేట హైస్కూల్లో ఎనిమిదో తరగతి గది.
బల్లలన్నీ గోడకి జరిపాం.
కిటికీలోంచి ఎండుచేపల వాసన, దాని వెనకే సముద్రం,
నా టార్చి వెలుగులో
ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్న నోళ్లు.

పదమూడేళ్లు, పద్నాలుగేళ్లు.
పాలపళ్లని ఇంటికప్పు మీదకి ఎప్పుడో విసిరేసి
మరిచిపోయిన వయసు.
ఇప్పుడున్నవే ఆఖరివని
ఎవరూ కూర్చోబెట్టి చెప్పని వయసు.

సూరాడ పోలిరాజుకి దవడపళ్లలో మూడు గుంతలు.
నొప్పేస్తే ఏం చేస్తావురా?
"లవంగం ఎట్టుకుంటాను మేడం. తొంగుంటే ఎల్లిపోద్ది."

నూకరత్నానికి నవ్వొస్తే
ముందు చున్నీ వస్తుంది, తర్వాత నవ్వు.
బతిమాలితే చూపించింది,
ముందు పన్ను మీద, చిగురుకి ఆనుకుని,
సుద్దముక్క తగిలినట్టు ఒక తెల్లమచ్చ.
ఇది ఇంకా గుంత కాదమ్మా, అన్నాను,
దీనికి వెనక్కొచ్చే దారి ఉంది.
నమ్మలేదు. చున్నీ మళ్లీ పైకెళ్లింది.

బొమ్మకి కనుబొమ్మ దిద్దేంత కుంచె,
చిన్న గిన్నెలో పసుప్పచ్చటి ఫ్లోరైడ్ వార్నిష్.
"మా నాన్న బోటుకేసేది ఇదేనా మేడం?"
వెనక వరసలోంచి ఎవడో.
నేను రాసుకొచ్చిన ఉపన్యాసం
వాడొక్క ముక్కలో చెప్పేశాడు.
అవున్రా, అదే పని,
నీళ్లు చెక్కని తినకుండా.
ఇక్కడ నీళ్లంటే పది రూపాయల కూల్‌డ్రింకు,
చెంపలో ఇంటర్వెల్ అంతా నానే లాలీపాప్,
రాత్రి బ్రష్ ముట్టకుండా పడుకున్న నిద్ర.

అప్పుడొచ్చింది వెంగమ్మ,
మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, చేతిలో గరిటెతోనే.
"మా మాల్యాద్రికి ఆ మందు పూయబాకండమ్మా."
కనిగిరి వైపు మనిషి.
మాట్లాడితే పళ్ల మీద గోధుమరంగు చారలు,
వానకి తడిసి ఆరిన గోడలా.
"ఆ పేరు మాకు తెలుసు.
మా బాయిలో ఉండేది.
మా నాయన నడుం వంగిపోయి
పదేళ్లు ఆకాశం చూడకుండానే పోయాడు."

ఫ్లోరైడ్ మీద పరీక్షలో
నాకు మంచి మార్కులే వచ్చాయి.
ఆ జవాబులో ఎవరి నాయనా లేడు.

కూరలో ఉప్పు, అని మొదలుపెట్టాను.
"ఉప్పు సంగతి నాకు చెప్పబాకండి.
కొలత చెప్పండి."

నా బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేశాను.
ఇంత. ఒక పిల్లాడి నోరంతటికీ.
ఏడాదికి రెండుసార్లు. తాగేది కాదు, పూసేది.
మీ నాయన తాగింది బిందెలమ్మా,
పుట్టిన దగ్గర్నుంచీ, రోజూ.

నా చెయ్యి పట్టుకుని
గోరుని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.
వాసన చూసింది.
గదిలో నలభై మంది, చప్పుడు లేదు,
పొయ్యి మీద సాంబారు తప్ప ఏదీ పొంగలేదు.

"ముందు నాకు పూయండి."

ఆ చారలకి ఇది పనిచెయ్యదమ్మా.
"తెలుసు" అంది. నోరు తెరిచింది.
గరిటె అలాగే పట్టుకుని.
పళ్లకేసి చూడకుండా పూయలేను కదా,
చూశాను.
ఏ ఏడు ఎండ ముదిరిందో, ఏ ఏడు బావి అడుగంటిందో
వరసగా రాసున్నట్టు.

ఆమె వెనకే మాల్యాద్రి.

ఇవాళ్టికి గట్టివేమీ నమలొద్దు,
ఈ ఒక్కరాత్రీ పళ్లు తోమొద్దు, అనగానే
క్లాసంతా ఈలలు.
"మరి బీచ్‌లో మూరీ మిక్చరో?"
రేపు.
ఈలలు ఆగిపోయాయి.

సాయంత్రం రిజిస్టర్ నింపుతుంటే
నలభై పేర్లు సరిపోయాయి, ఒక చుక్క ఎక్కువ ఖర్చు.
వయసు గడిలో పదకొండు నుంచి పదహారు దాకానే అచ్చువేశారు.
పద్నాలుగు అని రాద్దామని చెయ్యాడింది.
రాయలేదు.
మార్జిన్‌లో మాత్రం చిన్నగా,
వెంగమ్మ, ఒకటి.